పాత యినుప వంతెనలను గుర్తించు విధము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు వచ్చువారందఱును పుస్తకము చదువ నేర్చినవారే. కాని యూరి పొలిమేరలో, కాలువపైనో యేటిపైనో, తాతలనాటినుండి నిలిచియున్న యినుప వంతెన కూడ చదువదగిన వస్తువే యని తలంచువారు అరుదు. దానిపై నడచువారు వేలకొలది. ఆగి తేఱిపాఱ జూచువారు వ్రేళ్లపై లెక్కింపదగినవారు. ఆ వంతెనలో నే కమ్మి నొక్కబడుచున్నదో, యేది లాగబడుచున్నదో, యేది తునిగినచో ప్రమాదమో తెలిసికొనుటకు ఇంజనీరు పట్టము అక్కఱలేదు. కొన్ని గుర్తులు తెలిసిన చాలును. ఆ గుర్తులను తేటపఱచుటయే యీ ప్రసంగముయొక్క ఉద్దేశము.

నగరములలో ఈ విద్యకు అవకాశము తక్కువ. హైదరాబాదున అమీర్‌పేట ప్రక్కనున్న మధురానగర్ వాసులకు తలమీదుగా మెట్రో రైలు తిరుగుచుండును. అమీర్‌పేటనుండి హైటెక్ సిటీ వైపు పోవు ఆ మార్గము 2019లో తెరువబడినది. స్తంభములపై కాంక్రీటు పెట్టెలను వరుసగా కూర్చి, లోపల ఉక్కుత్రాళ్లు బిగించి దానిని నిర్మించిరి. అది దృఢమైనదే. కాని దానిలో నే భాగము ఏ పని చేయుచున్నదో చూపరికి తెలియదు. ఎముకలు చర్మముచేత కప్పబడినట్లు ఉక్కంతయు కాంక్రీటులో దాగియుండును. అదే నగరమున మూసీపై 1578లో కుతుబ్‌షాహీల కాలమున కట్టబడిన పురానాపూల్ రాతి కమానుల వంతెన. అచ్చట రాయి రాతిని నొక్కుచు నిలుచును. కమ్మి యన్నది లేనే లేదు. ఈ రెండింటికిని నడుమ, అనగా పందొమ్మిదవ శతాబ్దపు మధ్యకాలమునుండి, లోకమంతటను ప్రబలినది కమ్ముల కూర్పు వంతెన. దానినే ట్రస్సు వంతెన యందురు. ఎముకల గూడు వెలుపలనే కనబడుట దాని విశేషము. అట్టివి నేడు నగరముల నడిబొడ్డునకన్న రైలుమార్గముల వెంట, కాలువలపై, నదీతీరములందే యెక్కువగా కానవచ్చును. కావున ఈ విద్యకు పల్లెవాసియే తగిన విద్యార్థి.

మొదట, ట్రస్సు ఏల పుట్టెనో చూడవలెను. చిన్న కాలువ దాటుటకు తాటిదూలము వేయుట యందఱును ఎఱిగినదే. దూలము నడుమ మనుష్యుడు నిలిచినచో అది కొంచెము వంగును. వంగినపుడు దాని పైభాగము నొక్కబడును, అడుగుభాగము లాగబడును. నట్టనడుమ నున్న పదార్థమునకు పని స్వల్పము. తాటిమానున గట్టిచేవ వెలుపల, మెత్తని బెండు లోపల నుండుట గమనించినవారికి, ప్రకృతి కూడ ఈ సంగతి నెఱిగినట్లే తోచును. దూలము పొడవు పెరిగినకొలది దాని సొంత బరువే దానికి భారమగును. కాన పైన నొక దూలమును, క్రింద నొక దూలమును ఉంచి, నడుమనున్న పనిలేని పదార్థమును తొలగించి, ఆ రెండింటిని కమ్ములతో కలిపినచో, తక్కువ యినుముతో ఎక్కువ దూరము దాటవచ్చును. ట్రస్సు యొక్క రహస్యమిదియే.

ఆ కమ్ములను ఏ రీతిగా కూర్పవలెను? నాలుగు వెదుళ్లను చతురస్రముగా కట్టి మూలను నెట్టినచో అది ప్రక్కకు ఒరిగిపోవును. మూడు వెదుళ్లను త్రికోణముగా కట్టి నెట్టినచో ఒరుగదు. వెదురైనను విరుగవలెను, కట్టైనను ఊడవలెను. చతురస్రమునకు మూలనుండి మూలకు అడ్డముగా నొక వెదురు కట్టిన, అది రెండు త్రికోణములై గట్టిపడును. కావుననే యే దేశపు ట్రస్సు వంతెన జూచినను త్రికోణముల వరుసయే కానవచ్చును. ఆ త్రికోణములు అమరిన తీరునుబట్టియే వంతెనల జాతులు ఏర్పడినవి.

ఇక లాగుడు, నొక్కుడు అను రెండు మాటలను జ్ఞాపకముంచుకొనవలెను. త్రాటిని లాగవచ్చును గాని నెట్టలేము. సన్నని కఱ్ఱను రెండు చివరలనుండి నొక్కినచో అది విరుగుటకు ముందే ప్రక్కకు వంగిపోవును. అందువలన నొక్కుడును భరించు కమ్మిని బలిష్ఠముగా, వెడల్పుగా, పెట్టెవలె చేయుదురు. లాగుడును భరించు కమ్మి సన్నని పట్టెవలెనున్నను చాలును. దూరమునుండి జూచినను, బలిసిన కమ్మి నొక్కబడునదియు, సన్ననిది లాగబడునదియు నని చాలవఱకు ఊహింపవచ్చును.

పల్లెటూరి యింటికప్పునందు దీనికి చక్కని ఉదాహరణము కలదు. పాతయిండ్లలో నేలనుండి వెన్నుగాడివఱకు నిలిపిన నిట్టాడి పైకప్పు బరువును మోయును; అది నొక్కబడుచుండును. కాని పెద్దశాలలకు, బడులకు వేసిన త్రికోణపు కప్పులలో నడుమ నిలువుకమ్మి నేలను తాకదు. అడ్డదూలముపై నిలిచినట్లు కనబడును. చూచువారు అది కప్పును మోయుచున్నదనుకొందురు. వాస్తవమందు అది పైనుండి వ్రేలాడుచు, అడ్డదూలము నడుమ క్రుంగకుండ పైకి లాగి పట్టుచున్నది. చూపునకు నిట్టాడి, పనికి ఉట్టిత్రాడు. వంతెనలలో మిక్కిలి చిన్నవగు ట్రస్సులు ఈ త్రికోణపు కప్పువంటివే.

పెద్దవంతెనలలో ముఖ్యజాతులు మూడు. మూడును 1840 దశాబ్దమున పేటెంటు పొందినవే.

మొదటిది హౌ ట్రస్సు. అమెరికా దేశస్థుడగు విలియం హౌ 1840లో దీనికి పేటెంటు పొందెను. దీనియందు ఏటవాలు కమ్ములు రెండు గట్లనుండియు నడిమివైపునకు పైకెక్కుచుండును. ఆ యేటవాలు కమ్ములు నొక్కబడును. నిలువు కమ్ములు లాగబడును. కొయ్య పుష్కలముగాను, ఇనుము ప్రియముగాను ఉన్న దినములలో బలిసిన కొయ్యలను ఏటవాలుగా నిలిపి, సన్నని యినుప కడ్డీలను నిలువుగా బిగించుటకు ఈ పద్ధతి అనుకూలించినది.

రెండవది ప్రాట్ ట్రస్సు. థామస్ ప్రాట్, అతని తండ్రి కాలెబ్ ప్రాట్ 1844లో పేటెంటు పొందిరి. ఇది హౌ ట్రస్సునకు సరిగా తలక్రిందు. ఏటవాలు కమ్ములు గట్లనుండి నడిమివైపునకు క్రిందికి దిగుచుండును. అవి లాగబడును, నిలువు కమ్ములు నొక్కబడును. ఇట్లు చేయుటవలన నొక్కబడు కమ్మి పొట్టిదై, పొడుగుకమ్మి లాగబడునదై యుండును. పొట్టికమ్మి సులభముగా వంగదు గనుక ఇనుము కలిసివచ్చును. ఉక్కు వంతెనలలో ఈ జాతి విశేషముగా వ్యాపించుటకు కారణమిదియే.

మూడవది వారెన్ ట్రస్సు. జేమ్స్ వారెన్, విలోబీ మొంజోని యను నిరువురు 1848లో ఇంగ్లాండున పేటెంటు పొందిరి. దీనియందు ఏటవాలు కమ్ములు ఒకటి ఎక్కుచు, మఱియొకటి దిగుచు, ముగ్గుగీతవలె సాగును. శుద్ధమైన వారెన్ రూపమున నిలువు కమ్ములే యుండవు. త్రికోణములు పెద్దవైనపుడు తరువాతివారు నిలువులను చేర్చిరి. అట్లు చేర్చినను జాతి మాఱదు.

ఈ మూడింటిని వేఱుపఱచుటకు సులువైన ఉపాయమొకటి కలదు. వంతెనకు ప్రక్కగా గట్టుమీద నిలిచి, నిలువు కమ్ములను లెక్కసేయక, ఏటవాలు కమ్ములనే చూడవలెను. అవి యొకటి విడిచి యొకటి దిక్కు మార్చుచున్నవా? వారెన్. సగమువఱకు అన్నియు నొకవైపే వాలియున్నవా? అప్పుడు నడిమివైపునకు దిగుచున్నచో ప్రాట్, ఎక్కుచున్నచో హౌ.

ఇందు మూడు జాగ్రత్తలు అవసరము. ప్రాట్ వంతెనలలో కూడ మొట్టమొదటి బలిసిన కమ్మి, అనగా స్తంభముపై నుండి లేచునది, నడిమివైపునకు ఎక్కుచునే యుండును. అది ద్వారబంధము వంటిది. దానిని లెక్కనుండి తీసివేయవలెను. రెండవది, నట్టనడిమి గడిలో రెండు కమ్ములు గుణకారపు గుర్తువలె ఒకదానికొకటి అడ్డముగా నుండవచ్చును. బండి యీ చివరనుండి ఆ చివరకు పోవునపుడు నడిమిగడిలో లాగుడు దిక్కు మాఱును. ఆ మార్పునకై యేర్పఱచిన జత యది. మూడవది, వంతెన పొడుగునను జల్లెడవలె అట్టి జతలే యున్నచో అది జాలీ ట్రస్సు. దాని మూలపురుషుడు 1820లో అమెరికాలో పేటెంటు పొందిన ఇథియల్ టౌన్. ఆయన పలుచని కొయ్యపలకలతో చేసినదానిని తరువాతివారు ఇనుప పట్టెలతో చేసిరి.

పై దూలము తిన్నగా లేక విల్లువలె నడుమ ఎత్తుగా నున్నచో, అది కేవలము సొగసు కొఱకు కాదు. వంతెనకు నడుమ వంపు బలము ఎక్కువ, చివరలందు తక్కువ. ఎక్కడ భారమధికమో అక్కడ ఎత్తు పెంచి, తక్కినచోట ఇనుము మిగిల్చిరి. ప్రాట్ ట్రస్సుకు ఇట్టి వంపు పైదూలము చేర్చినదానిని పార్కర్ ట్రస్సు అందురు.

జాతి తెలిసిన పిమ్మట దారి యెక్కడ పోవుచున్నదో చూడవలెను. రైలుగాని బండిగాని రెండు ట్రస్సుల నడుమ దూరి, తలపై అడ్డకమ్ముల క్రిందుగా పోవుట యొక విధము. ట్రస్సుల నెత్తిమీదుగా పోవుట రెండవది. రెండు ప్రక్కల పొట్టి ట్రస్సులు గోడలవలె నిలిచి, పైన ఆకాశము కనబడుట మూడవది. కాలువలపై నుండు చిన్నవంతెనలు పెక్కు ఈ మూడవ విధమునకు చెందును.

ఈ విద్యను అభ్యసించుటకు ఆంధ్రదేశమున గోదావరీ తీరమునకు మించిన పాఠశాల లేదు. రాజమహేంద్రవరమునకును కొవ్వూరునకును నడుమ మూడు తరముల రైలు వంతెనలు చూపుమేరలోనే కానవచ్చును.

మొదటిది హేవలాక్ వంతెన. 1897 నవంబరులో పని మొదలై, 1900 ఆగస్టులో రైళ్లు నడచినవి. అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హేవలాక్ పేరు దానికి పెట్టిరి. నిర్మాణమునకు అధిపతి ఎఫ్. టి. జి. వాల్టన్, కాశీలో గంగపై 1887లో పూర్తియైన డఫరిన్ వంతెనను కట్టినవాడును ఆయనయే. రాతి స్తంభములపై ఉక్కు గర్డరులు. ఒక్కొక్క ఖానా 150 అడుగులు, అనగా 45.7 మీటర్లు, మొత్తము 56 ఖానాలు. ఒక ఖానాను శ్రద్ధగా చదివినవాడు ఏబదియాఱింటిని చదివినట్లే. 97 సంవత్సరములు సేవచేసి 1997లో అది విశ్రాంతి పొందినది. 2025లో రాజమహేంద్రవరమున శంకుస్థాపన జరిగిన అఖండ గోదావరి పథకమున ఈ వంతెన అభివృద్ధి యొక భాగము.

రెండవది 1974లో తెరువబడిన రోడ్డు-రైలు వంతెన. క్రింద ట్రస్సుల నడుమ రైలు, నెత్తిమీద రోడ్డు. ఇందు ఖానాలు 91.5 మీటర్లవి 27, 45.7 మీటర్లవి 7. బస్సులో పోవువానికి ట్రస్సు కనబడదు; అతడు దాని తలపై పోవుచుండును. రైలు కిటికీనుండిగాని గట్టునుండిగాని చూడవలెను. పాతవంతెన ఖానాకును దీని పెద్దఖానాకును నడుమగల రెట్టింపు భేదమే ముప్పాతిక శతాబ్దములో ఉక్కుపని యెంత పెరిగినదో చెప్పును.

మూడవది 1997లో పూర్తియైన కమాను వంతెన. దూరమునుండి ఇదియు ట్రస్సే యని భ్రమ కలుగును. కాని యిది కాంక్రీటుతో చేసిన విల్లు. ఏటవాలు కమ్ములు లేవు, త్రికోణములు లేవు; కమానునుండి నిలువుగా వ్రేలాడు కమ్ములే కలవు. కమాను చివరలు వెలుపలకు జరుగజూడగా, అడుగుదూలము అల్లెత్రాడువలె వానిని బిగించి పట్టును. మొదట త్రికోణములను వెదకవలెనను నియమము తెలిసినవాడు ఇచ్చట మోసపోడు.

వంతెన వయస్సును గుర్తించుటకు అతుకులే సాక్ష్యము. గుండ్రని తలలతో బొడిపెలవలె వరుసగా నున్నచో రివెట్లు. ఎఱ్ఱగా కాల్చి దూర్చి, సుత్తెతో తలకొట్టినవి. ఆఱుపలకల మఱలున్నచో బోల్టులు. అతుకు నిడుపునను పూత కట్టినట్లున్నచో వెల్డింగు. రివెట్ల నడుమ అక్కడక్కడ బోల్టులు కనబడినచో, అచ్చట మరమ్మతు జరిగియుండునని ఊహింపవచ్చును. కొన్నిచోట్ల ఉక్కుదూలముపైననే కర్మాగారము పేరు ఉబ్బెత్తుగా ముద్రింపబడియుండును. రంగుల పొరల క్రింద చేతితో తడిమినను అది తెలియును.

ఇంతవఱకు చెప్పినది కేవలము వినోదమునకు కాదు. ట్రస్సులో కమ్ములన్నియు నొకదానిపై నొకటి ఆధారపడియుండును. తరుచుగా ఒక్క కూడలి తప్పినను ఖానా యంతయు కూలును. 2007 ఆగస్టు 1వ తేదీన అమెరికాలో మినియాపొలిస్ నగరమున మిసిసిపీ నదిపై 40 ఏండ్లు నిలిచిన ఉక్కు ట్రస్సు వంతెన కూలి 13 మంది మరణించిరి. కమ్ములను కలుపు కూడలి పలకలు మొదటి లెక్కలలోనే ఉండవలసిన మందములో సగమే యుండెనని విచారణలో తేలినది. ఆనాడు మరమ్మతుల సామగ్రి బరువు కూడ ఒకచోట చేరియుండెను. 2025 జూన్ 15వ తేదీన పుణె సమీపమున కుండ్‌మలా వద్ద ఇంద్రాయణీ నదిపై నున్న పాత యినుప వంతెన, చూడవచ్చిన జనులు గుమిగూడి యుండగా కూలినది, నలుగురు మరణించిరి.

తెలుగునాట పెద్ద వంతెన ప్రమాదము తలపునకు వచ్చినపుడు కమ్ములనే కాక నీటిని కూడ చూడవలెను. 1956 సెప్టెంబరు 2వ తేదీన జడ్చర్ల, మహబూబునగరముల నడుమ వరదకు వంతెన కూలి, రైలు నీట పడి, నూఱుమందికి పైగా మరణించిరి. నాటి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా సమర్పించెను. ప్రధాని అప్పుడు అంగీకరింపలేదు. ఆ నవంబరులో తమిళదేశమున అరియలూరు వద్ద మఱియొక వంతెన ప్రమాదము జరుగగా ఆయన పదవిని వదలెను. పైన ఉక్కు ఎంత గట్టిదైనను, క్రింద ప్రవాహము స్తంభముల మొదళ్లను కోసివేసిన వంతెన నిలువదు.

కావున ఊరివారు చూడదగిన చోటులు నాలుగు. ఒకటి, అడుగుదూలము, దానిని చేరు కూడలులు; ధూళియు తడియు నిలిచి త్రుప్పు మొదట పట్టునది అచ్చటనే. రెండు, లాగబడు సన్నని కమ్ములు. వానిలో పగులు పుట్టినచో దానంతట అది ఆగదు. ఏది లాగబడునదో తెలియుటకే జాతిని గుర్తింపవలెను. ప్రాట్‌లో నడిమికి దిగు ఏటవాలు కమ్మియందు పగులు, హౌలో నిలువు కమ్మియందు పగులు వెంటనే తెలియజేయవలసినవి. మూడు, గర్డరు చివర స్తంభముపై ఆనుచోటు. ఒక చివర కదలకుండ బిగించి, రెండవ చివర రోలర్లపై వదలుట వాడుక. 45.7 మీటర్ల ఉక్కు గర్డరు 30 డిగ్రీల వేడి పెరిగినచో సుమారు 16 మిల్లీమీటర్లు సాగును. ఆ రోలర్లు మట్టితో పూడినచో సాగుటకు చోటులేక బలమంతయు స్తంభముపై పడును. నాలుగు, వరద తీసిన పిమ్మట స్తంభము మొదట ఏర్పడిన గుంట.

వీనిని చూడవలెను గాని చేయి చేసికొనరాదు. రైలు వంతెన యెక్కరాదు, గట్టునుండియే చూడవలెను. రోడ్లు-భవనముల శాఖదో, పంచాయతిరాజ్ శాఖదో, నీటిపారుదల శాఖదో, రైల్వేవారిదో కనుగొని, వారికి వ్రాతమూలముగా తెలుపవలెను. "వంతెన బాగులేదు" అని వ్రాసిన జాబుకన్న, "ఎగువవైపు ట్రస్సులో, తూర్పు గట్టునుండి మూడవ గడిలో, నడిమికి దిగు ఏటవాలు కమ్మి క్రింది కూడలియందు త్రుప్పు తిని చిల్లు పడినది" అని వ్రాసిన జాబు త్వరగా పని చేయించును. గుర్తులు నేర్చినవాడే అట్టి జాబు వ్రాయగలడు.

ఇచ్చటనే గ్రంథాలయమునకు కర్తవ్యము కలదు. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా డెల్టా కాలువపై పడవ గ్రంథాలయమును నడిపి పుస్తకములను పల్లెలకు చేర్చెను. అట్టి కాలువలపై నున్న వంతెనలను ఇప్పుడు పుస్తకములోనికి చేర్చవలెను. ప్రతి గ్రంథాలయమును ఒక వంతెనల దస్తరము నుంచవచ్చును. వంతెనకొక పుట చాలును: ఏ నీటిపై నున్నది, ఖానాలెన్ని, ఏటవాలు కమ్ములు ఏ వైపు వాలినవి, దారి యెక్కడ పోవుచున్నది, అతుకులు రివెట్లా బోల్టులా, ఉక్కుపై ముద్రయున్నదా, ఏ యేట ఏ మరమ్మతు జరిగినది. బడిపిల్లలు ప్రక్కనుండి చూచి గీసిన రేఖాచిత్రమొకటి జతచేయవలెను. ఏటేట వర్షకాలము వెడలిన పిమ్మట ఆ పుటకు ఒక వాక్యము చేర్చవలెను.

పాతవంతెనలు కాలక్రమమున తొలగక తప్పదు. వాని స్థానమున కాంక్రీటు వంతెనలు వచ్చుట యూరికి మేలే. కాని తొలగించిన దినముననే దాని ఉక్కు తూకమునకు పోవును. పిమ్మట అది ప్రాటో వారెనో చెప్పువారుండరు. నిలిచియున్నంతకాలము దానిపై నడచువారి ప్రాణరక్షణకును, తొలగిన పిమ్మట దాని జ్ఞాపకమునకును ఆ యొక్క పుట ఉపకరించును. రజతోత్సవ సంవత్సరమున గ్రంథాలయము కొనదగిన క్రొత్త పుస్తకములతోపాటు, తెల్లకాగితముల పుస్తకము నొకదానిని కూడ కొని, మొదటి పుటపై ఊరి వంతెన పేరు వ్రాయించుట యుచితము.